మరణశిక్ష: సాలూరు మన్యం నుంచి సుప్రీంకోర్టు దాకా

నిర్వచనం, పరిధి

నేరం రుజువైన వ్యక్తి ప్రాణం తీయాలని న్యాయస్థానం చట్టప్రకారం ఇచ్చే ఆదేశమే మరణశిక్ష. భారతదేశంలో సాధారణ క్రిమినల్ కోర్టులు విధించే మరణశిక్షను ఉరి ద్వారానే అమలు చేస్తారు. అందుకే వాడుకలో దీన్ని ఉరిశిక్ష అంటారు. సైనిక చట్టాల కింద కాల్చి చంపే పద్ధతి కూడా ఉంది. విచారణ లేకుండా పోలీసు తూటాకు బలి కావడం, శిక్ష పడకముందే జైల్లో ప్రాణం పోవడం, మూక చేతిలో చావడం ఈ నిర్వచనంలోకి రావు. అయినా ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో మరణశిక్షపై జరిగిన చర్చ వీటిని ఎన్నడూ పూర్తిగా పక్కన పెట్టలేదు. ఎవరిని ఉరి తీశారు, ఎవరిని కోర్టు దాకా రానివ్వలేదు అన్న రెండు ప్రశ్నలూ ఇక్కడ జంటగానే నడిచాయి. పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు ప్రాంతం ఇందుకు నూరేళ్లకు పైబడిన సాక్ష్యం.

పూర్వ చరిత్ర

ధర్మశాస్త్రాలు శిక్షను నేరాన్ని బట్టే కాక నేరస్థుడి వర్ణాన్ని బట్టి కూడా నిర్ణయించాయి. ఇతరులకు మరణం విధించే నేరానికి బ్రాహ్మణుడికి ముద్ర వేయడం, దేశ బహిష్కారం చాలన్నాయి. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకుని 13వ శతాబ్దంలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు. వ్యవహార ధర్మం తెలుగు పద్యంలోకి అలా వచ్చింది. విజయనగరాన్ని చూసిన 16వ శతాబ్దపు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ అక్కడి శిక్షలను వివరంగా రాశాడు. దొంగలకు అంగచ్ఛేదం, రాజద్రోహానికి కొరత, సామాన్యులకు శిరచ్ఛేదం అందులో కనిపిస్తాయి. హోదాను బట్టి చావు తీరు మారే ఆ వ్యవస్థ ఇప్పుడు కాగితం మీద లేదు. ఆచరణలో ఏ మేరకు పోయిందన్నదే నేటి చర్చలోని ముఖ్యాంశాల్లో ఒకటి (చూ. వాదాలు).

ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉరి బహిరంగ ప్రదర్శన. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, కంపెనీపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం ముందే ఉరి తీశారు. ఆయన తలను 1877 వరకూ కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 1862లో అమల్లోకి వచ్చాక హత్య, రాజ్యంపై యుద్ధం వంటి నేరాలకు దేశమంతటా ఒకే రకం శిక్ష ఏర్పడింది. క్రమంగా ఉరి జైలు గోడల లోపలికి వెళ్లింది.

కొర్రవానివలస, 1900

సాలూరు తాలూకాలోని కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొర ఉండేవాడు. తన మీదికి దైవం వచ్చిందని ఆయన ప్రకటించడంతో ఏజెన్సీ నలుమూలల నుంచి నాలుగైదు వేల మంది వచ్చి ఊరి దగ్గర విడిది చేశారు. తాను పంచపాండవుల్లో ఒకడినని, తన పసికొడుకు సాక్షాత్తు కృష్ణుడని, ఇంగ్లీషువాళ్లను వెళ్లగొట్టి రాజ్యం తానే ఏలతానని మల్లయ్య చెప్పాడు. కొండదొరలు తమను పాండవుల సంతతిగా చెప్పుకుంటారు. అందువల్ల ఈ మాట విన్నవాళ్లకు వింతగా తోచి ఉండదు. అనుచరులు వెదుళ్లు నరికి తుపాకుల ఆకారంలో చెక్కారు. సమయం వచ్చినప్పుడు అవి నిజం తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీరుగారిపోతాయని నమ్మారు. ఆ వెదురు తుపాకులు భుజాన వేసుకుని కవాతు చేశారు.

పాచిపెంటను దోచుకుంటామని కబురు పంపాక, సంగతేమిటో చూద్దామని 1900 మే 1న ఇద్దరు కానిస్టేబుళ్లు వెళ్లారు. గుంపు వారిని కొట్టి చంపింది. స్థానిక పోలీసులు శవాలను కూడా తెచ్చుకోలేకపోయారు. జిల్లా మేజిస్ట్రేటు స్వయంగా బయల్దేరి విశాఖపట్నం, పార్వతీపురం, జైపూరుల నుంచి రిజర్వు పోలీసులను రప్పించి మే 7 తెల్లవారుజామున విడిది మీద పడ్డాడు. కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. 60 మందిపై అల్లర్ల కేసు, మల్లయ్యతో పాటు మరో ఇద్దరిపై హత్య కేసు నడిచాయి. మల్లయ్య జైల్లో చనిపోయాడు. మిగిలిన ఇద్దరినీ ఉరి తీశారు. పసివాడు కూడా బతకలేదు.

1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు ఈ కథను దాదాపు ఒక్క పేరాలో ముగించింది. ఇందులో చనిపోయిన కానిస్టేబుళ్లూ మనుషులే, వారి హత్య ఏ చట్టంలోనైనా నేరమే. అయితే తూటాకు చనిపోయిన పదకొండు మంది, జైల్లో పోయిన నాయకుడు, ఉరికంబం ఎక్కిన ఇద్దరు, ఇలా ఒకే వారంలో మొదలైన సంఘటనలో రాజ్యం చేతిలో మనిషి చనిపోయే మూడు దారులూ కనబడతాయి. ఆ తర్వాతి శతాబ్దంలో తెలుగు నేల మీద జరిగిన చర్చంతా ఈ మూడింటి చుట్టూనే తిరిగింది. ఉరి తీసిన ఇద్దరి పేర్లు కూడా గెజిటీరు ఇవ్వలేదు.

స్వాతంత్య్రానంతరం: తెలంగాణ నుంచి ముషీరాబాద్ దాకా

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో హైదరాబాద్ ప్రత్యేక ట్రిబ్యునళ్లు 1949లో పన్నెండు మందికి ఉరిశిక్ష వేశాయి. వారి తరఫున బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వాదించడానికి వచ్చారు. 1951లో సుప్రీంకోర్టు జనార్దన రెడ్డి కేసులో ఆ పిటిషన్లను తోసిపుచ్చినా, విస్తృతమైన ప్రచారోద్యమం వల్ల శిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి. స్వతంత్ర భారతంలో ఉరికి వ్యతిరేకంగా తెలుగువారు నడిపిన తొలి పెద్ద ఉద్యమం ఇదే అనవచ్చు.

రెండోసారి అలా జరగలేదు. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన రైతాంగ విప్లవకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లకు భూస్వామి హత్య కేసులో ఉరిశిక్ష పడింది. వారు రాజకీయ ఖైదీలని రచయితలు, న్యాయవాదులు, పౌరహక్కుల కార్యకర్తలు వాదించారు. వారు హత్య కేసు ముద్దాయిలు మాత్రమేనని ప్రభుత్వం అంది. అత్యవసర పరిస్థితి అమల్లో ఉండగా, 1975 డిసెంబర్ 1 తెల్లవారుజామున, హైదరాబాద్ ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరి తీశారు. ఆ జైలు స్థలంలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. కె.జి. కన్నబిరాన్ వంటి న్యాయవాదుల జీవితాల్లోనూ, ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఆలోచనలోనూ ఈ ఉరి బలమైన ముద్ర వేసింది. రాజమండ్రి కేంద్ర కారాగారంలో ఆఖరి ఉరి 1976లో అమలైంది.

చట్టంలో స్థానం

2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు సెక్షన్ 103 కింద మరణం లేదా యావజ్జీవం విధించవచ్చు. కులం, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చేసే మూకహత్యను ఇదే సెక్షన్ రెండో భాగంలో చేర్చారు. పన్నెండేళ్ల లోపు బాలికపై అత్యాచారం, పద్దెనిమిదేళ్ల లోపు బాలికపై సామూహిక అత్యాచారం, మరణానికి దారితీసిన ఉగ్రవాద చర్య, రాజ్యంపై యుద్ధం కూడా ఈ శిక్ష పడగల నేరాలే. నేరం చేసేనాటికి పద్దెనిమిదేళ్లు నిండనివారికి మరణశిక్ష లేదు. శిక్ష పడిన మహిళ గర్భవతి అయితే హైకోర్టు ఆ శిక్షను యావజ్జీవంగా మార్చాలి.

ప్రత్యేక చట్టాల్లో గిరిజన ప్రాంతానికి సంబంధించినవి రెండున్నాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం, అబద్ధపు సాక్ష్యం సృష్టించి నిర్దోషి అయిన దళితుణ్ణో గిరిజనుణ్ణో ఉరికంబం ఎక్కిస్తే, ఆ సాక్ష్యం సృష్టించిన వ్యక్తికి మరణశిక్షే పడాలి. మాదకద్రవ్యాల చట్టంలోని 31ఎ సెక్షన్ కింద కొన్ని మత్తుమందులను భారీ పరిమాణంలో రెండోసారి రవాణా చేస్తే మరణశిక్షకు వీలుంది. హెరాయిన్, కొకైన్, చరస్ వంటివి ఆ పట్టికలో ఉన్నాయి. ఒడిశా సరిహద్దు నుంచి సాలూరు ఘాట్ రోడ్డు మీదుగా దిగే గంజాయి అందులో లేదు.

తప్పనిసరి మరణశిక్షను న్యాయస్థానాలు పెద్దగా ఒప్పుకోలేదు. యావజ్జీవ ఖైదీ మళ్లీ హత్య చేస్తే ఉరి తప్ప మరో శిక్ష లేదన్న పాత సెక్షన్ 303ను 1983లో మిట్టూ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

"అరుదైన వాటిలో అరుదు": సూత్రం ఎలా ఏర్పడింది

1898 నాటి నేర విచారణ స్మృతిలో ఉరి నియమం, యావజ్జీవం మినహాయింపు. ఉరి వేయకపోతే ఎందుకు వేయలేదో న్యాయమూర్తి కారణం రాయాల్సి వచ్చేది. 1955 సవరణ ఆ షరతు తీసేసింది. 1973 నాటి కొత్త స్మృతి పాత నియమాన్నే తిరగేసింది. ఉరి వేయాలంటే ప్రత్యేక కారణాలు చెప్పాలన్నది. నేటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఇదే నియమం కొనసాగుతోంది.

ఈ మార్పుకు తొలి ప్రాణం పోసినది ఆంధ్ర నుంచి వెళ్లిన కేసే. 1974లో ఈడిగ అనమ్మ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో, ఒక మహిళనూ ఆమె బిడ్డనూ చంపిన పల్లెటూరి యువతి ఉరిని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ యావజ్జీవంగా మార్చారు. ఆమె వయసు, అత్తింటి నుంచి వెళ్లగొట్టబడడం, ఆమెకు చిన్న కొడుకు ఉండడం, రెండేళ్లకు పైగా ఉరి నీడలో గడపడం కారణాలుగా చూపారు. నేరం ఎంత ఘోరమన్నదే కాక, నేరం చేసిన మనిషి ఎవరన్నదీ తూకంలోకి రావాలన్న ఆలోచన ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

1980 మే 9న బచన్‌సింగ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-1 మెజారిటీతో మరణశిక్ష రాజ్యాంగబద్ధమేనంది. అయితే ప్రత్యామ్నాయ శిక్షకు ఏ మాత్రం వీలులేదని తేలిన అరుదైన వాటిలో అరుదైన కేసుల్లోనే విధించాలని షరతు పెట్టింది. జస్టిస్ పి.ఎన్. భగవతి విభేదించారు. 1983లో మచ్చీసింగ్ తీర్పు హత్య తీరు, ఉద్దేశం, బాధితుల నిస్సహాయత వంటి వర్గీకరణలు చేసి, సమాజపు సామూహిక అంతరాత్మ అనే మాట తెచ్చింది. ఈ రెండు తీర్పుల మధ్య వైరుధ్యం నేటికీ తీరలేదు. మొదటిది మనిషిని చూడమంటుంది. రెండోది ప్రధానంగా నేరాన్ని చూస్తుంది. 2009లో బరియార్ కేసులో సుప్రీంకోర్టే ఈ అసమానతను ఎత్తిచూపింది.

జాప్యం విషయంలో తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి పేరు చెప్పుకోవాలి. 1983లో వతీశ్వరన్ కేసులో, ఉరిశిక్ష పడ్డాక రెండేళ్లకు మించి ఆలస్యమైతే శిక్ష తగ్గించమని అడిగే హక్కు ఖైదీకి ఉంటుందని ఆయన తీర్పిచ్చారు. రెండేళ్ల లెక్కను తర్వాతి ధర్మాసనాలు ఒప్పుకోలేదు. కానీ ఆయన చెప్పిన మూలసూత్రం 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ తీర్పులో మరో రూపంలో తిరిగి వచ్చింది. క్షమాభిక్ష అర్జీపై అకారణ జాప్యం జరిగితే ఉరి యావజ్జీవమవుతుందని ఆ తీర్పు తేల్చింది.

విధానం: కొండ ఊరి కేసు ఉరికంబం చేరే దారి

సాలూరు మండలంలోని ఏదో ఊళ్లో హత్య జరిగిందనుకుంటే, పోలీసుల అభియోగపత్రం మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లి అక్కడినుంచి సెషన్స్ కోర్టుకు బదిలీ అవుతుంది. నేరం రుజువయ్యాక శిక్ష మీద విడిగా వాదన వినాలి. సెషన్స్ జడ్జి ఉరి వేసినా అది అప్పుడే అమలుకు వీల్లేదు. 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఉన్న రాష్ట్ర హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా ధ్రువీకరించాలి. హైకోర్టు శిక్ష తగ్గించవచ్చు, కేసు కొట్టేయవచ్చు, మళ్లీ విచారించమనవచ్చు. ఆ తర్వాత సుప్రీంకోర్టు అప్పీలు, బహిరంగ న్యాయస్థానంలో ముగ్గురు న్యాయమూర్తుల ముందు పునఃసమీక్ష, చివరగా క్యూరేటివ్ పిటిషన్ ఉంటాయి.

క్షమాభిక్ష రెండు మెట్లు. అధికరణం 161 కింద గవర్నరు, 72 కింద రాష్ట్రపతి. ఇద్దరూ మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. కొత్త సంహిత ప్రకారం ఖైదీకి జైలు అధికారి సమాచారం ఇచ్చిన 30 రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి. గవర్నరు నిరాకరిస్తే రాష్ట్రపతికి 60 రోజుల గడువుంది. రాష్ట్రపతి ఎప్పటిలోగా తేల్చాలన్న గడువు మాత్రం లేదు. క్షమాభిక్ష అధికారాన్ని కూడా కోర్టులు పరిమితంగా పరిశీలించగలవని, 2006లో ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఇచ్చిన ఒక శిక్ష మినహాయింపును రద్దు చేస్తూ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అన్ని దారులూ మూసుకున్నాక సెషన్స్ కోర్టు ఉరి వారంటు జారీ చేస్తుంది. క్షమాభిక్ష తిరస్కరణ తెలిశాక కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలి. కుటుంబసభ్యులతో ఆఖరి కలయికకు అవకాశమివ్వాలి. ఉరికి ముందు ఖైదీ బరువు తూచి, పడే లోతును ఆ బరువును బట్టి లెక్కిస్తారు. ఖైదీ బరువుకు ఒకటిన్నర రెట్లున్న ఇసుక బస్తాతో తాడును పరీక్షిస్తారు. ఉరి తర్వాత శవపరీక్ష తప్పనిసరి. 1983లో దీనా కేసులో ఈ పద్ధతి అమానుషం కాదని సుప్రీంకోర్టు అంది. ఇంజెక్షన్ వంటి ప్రత్యామ్నాయాలను 2003లో న్యాయసంఘం సూచించినా చట్టం మారలేదు.

చిలకలూరిపేట కేసు

1993 మార్చి 8న గుంటూరు జిల్లా చిలకలూరిపేట సమీపంలో దోపిడీకి ప్రయత్నిస్తూ ఇద్దరు దళిత యువకులు ఆర్టీసీ బస్సులో పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది ప్రయాణికులు సజీవదహనమయ్యారు. 1995లో సెషన్స్ కోర్టు ఉరి విధించింది. 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1997 మార్చిలో రాజమండ్రి జైల్లో ఉరికి ఏర్పాట్లు జరిగాక చివరి క్షణంలో ఆగింది. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి వంటివారు, తెలుగునాట హక్కుల, దళిత సంఘాలు క్షమాభిక్ష కోసం పోరాడాయి. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

మరణశిక్ష చర్చలో ఇది కఠినమైన కేసు. ఆ బస్సులో కాలిపోయినవారి కుటుంబాల ముందు నిలబడి క్షమాభిక్ష కోరడం తేలిక కాదు. కోరినవారు ఒక ప్రశ్న వేశారు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితులను ఊచకోత కోసిన వారికెవరికీ ఉరి పడలేదు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేయగా, 2014లో హైకోర్టు శిక్షలన్నిటినీ కొట్టేసింది. ముందుగా చంపాలనే ఉద్దేశం లేని ఇద్దరు పేదలకు ఉరి, పథకం ప్రకారం చంపినవారికి విముక్తి ఎలా సమర్థనీయమని ఆ తర్వాత కూడా అడుగుతూ వచ్చారు. ఉరి సమర్థకుల జవాబు కూడా తీసిపారేయదగింది కాదు. చుండూరు దోషులు తప్పించుకోవడం ఆ న్యాయవిచారణ లోపమేగానీ, చిలకలూరిపేట శిక్షను తగ్గించడానికి కారణం కాదన్నారు.

ఇటీవలి తీర్పులు

గత పదేళ్లలో తెలుగు రాష్ట్రాల ట్రయల్ కోర్టులు ఉరిశిక్షను తరచుగానే విధించాయి. 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో ఎన్ఐఏ కోర్టు 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరి వేసింది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న దాన్ని ఖాయం చేసింది. 2019లో హనుమకొండలో తొమ్మిది నెలల పసికందును చంపిన వ్యక్తికి దాదాపు రెండు నెలల్లోనే ఉరిశిక్ష పడింది. హైకోర్టు అదే ఏడాది దాన్ని జీవితాంతపు ఖైదుగా మార్చింది. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ఒక దళిత మహిళపై అత్యాచారం, హత్య కేసులో ముగ్గురికి, గుంటూరు కోర్టు 2022 ఏప్రిల్‌లో బీటెక్ విద్యార్థినిని నడిరోడ్డు మీద పొడిచి చంపిన యువకుడికి మరణశిక్షలు విధించాయి.

లారీల ఊరైన సాలూరులో ఎక్కువగా మాట్లాడుకోదగింది 2021 మే నాటి ఒంగోలు తీర్పు. 2008లో హైవే మీద అధికారుల వేషంలో లారీలు ఆపి, డ్రైవర్లను, క్లీనర్లను చంపి పాతిపెట్టి, సరుకు అమ్ముకున్న ముఠాలో పన్నెండు మందికి కోర్టు ఒకేసారి ఉరి వేసింది. రాత్రి పూట హైవే మీద బండి నడిపే మనిషికి ఎవరు చేయెత్తినా ఆపాలో వద్దో తెలియని భయం అది. ఉరి కావాలనేవారి వాదనకు ఇంతకంటే బలమైన ఆధారం దొరకదు.

2025 మార్చి 10న మిర్యాలగూడ పరువు హత్య కేసులో కిరాయికి చంపిన వ్యక్తికి ఉరి, మిగతావారికి యావజ్జీవం పడ్డాయి. హత్య చేయించాడని అభియోగం ఉన్న వ్యక్తి అప్పటికే ఆత్మహత్య చేసుకున్నాడు.

వాదాలు

కొనసాగించాలనేవారు ప్రధానంగా మూడు మాటలు చెబుతారు. ఘోర నేరానికి తగిన శిక్ష లేకపోతే జనం చట్టాన్ని చేతుల్లోకి తీసుకుంటారు. ఉగ్రవాదం, పసిపిల్లలపై అత్యాచారం, హత్య వంటివాటికి ఉరి భయం కొంతైనా అడ్డుకట్ట వేస్తుంది. బాధిత కుటుంబాలకు న్యాయం జరిగిందన్న తృప్తి ఇంకో శిక్షతో రాదు. 1967లో న్యాయసంఘం 35వ నివేదిక దేశ పరిస్థితుల దృష్ట్యా మరణశిక్షను ఉంచాలనే సూచించింది.

వ్యతిరేకించేవారు ముందుగా పొరపాటుకు ఉన్న అవకాశాన్ని చూపుతారు. 2007లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో జరిగిన విద్యార్థిని హత్య కేసులో యావజ్జీవం పడిన యువకుణ్ణి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా తేల్చింది. పడింది యావజ్జీవం కనుక అతడు బయటికి రాగలిగాడు. మహారాష్ట్రలో ఉరిశిక్ష పడిన ఆరుగురు సంచార జాతుల వారిని 2019లో సుప్రీంకోర్టు పదహారేళ్ల తర్వాత నిర్దోషులంది.

రెండో అభ్యంతరం పేదరికానిది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఉరిశిక్ష పడిన 385 మందిలో 373 మందిని కలిశారు. వారిలో 74.1 శాతం ఆర్థికంగా బలహీనులని తేలింది. సాలూరు, పాచిపెంట, మక్కువ కొండల్లో ఈ లెక్కకు మరో పొర చేరుతుంది. కొండదొరలు, జాతాపులు, గదబలు, సవరలు తమ ఇళ్లల్లో మాట్లాడే భాషలు కోర్టులో వినబడవు. వాంగ్మూలం తెలుగులోకి, అక్కడినుంచి తీర్పు ఇంగ్లీషులోకి మారేసరికి మనిషి చెప్పిన సందర్భం ఎంత నిలుస్తుందన్నది తేలికగా తీసుకోదగ్గ ప్రశ్న కాదు.

2015 ఆగస్టులో జస్టిస్ ఎ.పి. షా నేతృత్వంలోని న్యాయసంఘం తన 262వ నివేదికలో ఉగ్రవాదం, రాజ్యంపై యుద్ధం మినహా అన్నిటికీ మరణశిక్ష రద్దు చేయాలని సిఫారసు చేసింది. కేంద్రం దాన్ని అమలు చేయలేదు. ఉరికీ మామూలు యావజ్జీవానికీ మధ్యస్థంగా, శిక్ష తగ్గింపుకు వీల్లేని దీర్ఘకాలపు యావజ్జీవాన్ని 2008లో శ్రద్ధానంద కేసుతో సుప్రీంకోర్టు ప్రవేశపెట్టింది. 2015లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది.

కోర్టు బయట చావులు (చూ. ఎన్‌కౌంటర్)

1967 అక్టోబర్ 31న మొండెంఖల్ గిరిజన సంఘ మహాసభకు వెళ్తున్న ఇద్దరు గిరిజనులను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ కేసులో నిందితులను కోర్టు వదిలేసింది. శ్రీకాకుళ గిరిజన ఉద్యమం సాయుధ రూపం తీసుకోవడానికి ఇది ఒక మలుపు. ఆ తర్వాత ఉద్యమ నాయకుల్లో చాలామంది కోర్టు తీర్పు దాకా బతకలేదు. 1969 మే 27న పంచాది కృష్ణమూర్తి, మరో ఆరుగురు, ఆ డిసెంబరు 22న సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జూలై 10న ఉపాధ్యాయుడు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించారు. ఇవి ఎదురుకాల్పులని పోలీసులు, పట్టుకుని చంపారని హక్కుల సంఘాలు చెప్పాయి. ఆనాడు ఉద్యమకారుల చేతుల్లో హతమైన భూస్వాములకు, వ్యాపారులకు కూడా విచారణ అనేది లేదు. ఆ చావులనూ లెక్కలోకి తీసుకోవాలని తర్వాతి కాలంలో హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ పట్టుబట్టారు. రాజ్యం చంపినా, రాజ్యాన్ని ఎదిరించేవారు చంపినా ఒకే కొలమానం ఉండాలన్న ఆయన వాదన తెలుగులో మరణశిక్ష వ్యతిరేకతకు కొత్త గట్టిదనం ఇచ్చింది.

2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మృతి జరిగితే పోలీసులపై హత్య కేసు నమోదు చేసి, ఆత్మరక్షణ అన్నది విచారణలో తేల్చాలంది. 2014లో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది.

2019 నవంబర్ 27న శంషాబాద్ దగ్గర యువ వైద్యురాలి హత్య జరిగాక, డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. చాలాచోట్ల జనం పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ కమిషన్, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని తేల్చింది. అదే డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 పనిదినాల్లో దర్యాప్తుతో సహా విచారణ, అత్యాచారానికి మరణశిక్ష అంటూ దిశ బిల్లును ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. ఏళ్ల తరబడి సాగే విచారణ మీద జనానికి నమ్మకం పోవడం నిజం. ఆ అపనమ్మకానికి మందు వేగవంతమైన, నిష్పాక్షికమైన కోర్టే కావాలిగానీ తూటా కాకూడదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ప్రవాసం, ప్రపంచం

అమెరికాలో ఉద్యోగానికి వెళ్లిన ఆంధ్రకు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు, తెలుగు కుటుంబంలోని పది నెలల పసిబిడ్డనూ నాయనమ్మనూ చంపిన కేసులో 2014లో పెన్సిల్వేనియా కోర్టు మరణశిక్ష వేసింది. ఆ రాష్ట్రంలో 2015 నుంచి గవర్నరు విధించిన నిలుపుదల వల్ల శిక్ష అమలు కాలేదు. గల్ఫ్ దేశాల్లో హతుడి కుటుంబం పరిహారం తీసుకుని క్షమిస్తే శిక్ష తగ్గే పద్ధతి ఉంది. దుబాయ్‌లో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో జైలుపాలైన సిరిసిల్ల ప్రాంత కార్మికులు ఐదుగురు, హతుడి కుటుంబానికి పరిహారం చెల్లించాక, పద్దెనిమిదేళ్ల తర్వాత 2024లో ఇల్లు చేరారు.

ఆమ్నెస్టీ లెక్కల ప్రకారం 2024 చివరికి 113 దేశాలు అన్ని నేరాలకూ మరణశిక్షను రద్దు చేశాయి. అదే ఏడాది, చైనాను మినహాయించి, 15 దేశాల్లో 1,518 మందిని చంపినట్టు నమోదైంది. ఐక్యరాజ్యసమితిలో మరణశిక్షల నిలుపుదల తీర్మానం 2007లో మొదటిసారి వచ్చినప్పుడు భారత్ వ్యతిరేకంగా ఓటేసింది.

ప్రస్తుత స్థితి

దేశంలో ఆఖరిసారి 2020 మార్చి 20న ఢిల్లీ నిర్భయ కేసులో నలుగురిని ఉరి తీశారు. మరణశిక్షలను లెక్కగట్టే ప్రాజెక్ట్ 39ఎ ప్రకారం 2024 చివరికి 564 మంది ఉరిశిక్ష ఖైదీలున్నారు. ఆ ఏడాది సుప్రీంకోర్టు ఒక్క ఉరిశిక్షనూ ఖాయం చేయలేదు. కింది కోర్టు వేయడం, పైకోర్టు తీసేయడం మామూలైపోయింది. ఈ రెండింటి మధ్య కాలాన్ని ఖైదీ ఉరి నీడలో గడుపుతాడు. బాధిత కుటుంబం మళ్లీ మళ్లీ కోర్టు మెట్లెక్కుతుంది.

2022 మే నెలలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయి పెరిగిన పరిస్థితులు, మానసిక స్థితి, జైల్లో నడవడిక గురించిన నివేదికలను విచారణ దశలోనే ప్రభుత్వం కోర్టు ముందుంచాలని ఆదేశించింది. సాలూరు కొండల నుంచి వచ్చిన ముద్దాయి విషయంలో దీనికి అర్థం, ఎవరో ఒకరు ఆ ఊరికి వెళ్లి, ఆ ఇంటి భాష తెలిసిన మనిషి సాయంతో తల్లిదండ్రులనూ ఇరుగుపొరుగునూ అడిగి రాసుకు రావడం. అదే ఏడాది సెప్టెంబరులో, శిక్షపై వాదనకు ముద్దాయికి ఎంత సమయం, ఎలాంటి అవకాశం ఇవ్వాలన్న ప్రశ్నను ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించారు.